పులి కోసం దాచిన గొంతు

మా బావ వృత్తిరీత్యా పులి. ఎగతాళికి అనడం లేదు, ఆయన చేసే పని అదే. రేడియో నాటకాల్లో, పిల్లల కథల రికార్డుల్లో, టీవీ సీరియళ్లలో పులి గర్జించిందంటే సగానికి సగం అది మా బావ గొంతే. పులి లేని రోజు కుక్క, కుక్క లేని రోజు చంటిపిల్ల ఏడుపు. ఒక సీరియల్లో ఒకే ఇంట్లో పిల్ల ఏడ్చి, కుక్క మొరిగి, పెరట్లో మేక అరిచింది. మూడూ ఆయనే. చివర్లో పడే పేర్లలో టీ అందించినవాడి పేరు కూడా ఉంది, మా బావ పేరు లేదు.

నేను ఏసీ మెకానిక్‌ని. ఆయన గొంతిచ్చే స్టూడియోలో ఏసీలన్నీ నేనే చూస్తాను. రికార్డింగు మొదలైతే ఏసీ ఆపెయ్యాలి, లేకపోతే దాని రొద మైకులోకి పోతుంది. అలా గాలి ఆడని గదిలో, చెమటలు కక్కుతూ, ఖాళీ పెయింటు డబ్బాలో తల దూర్చి గర్జిస్తున్న మనిషిని మా ఇంట్లోవాళ్లలో మొదట చూసింది నేనే. ఇంటికెళ్లి అక్కకు చేసి చూపించాను. అక్క పడీ పడీ నవ్వింది. తర్వాత ఆయన్ని చూసింది, మాట్లాడింది, చేసుకుంది. ఈ సంబంధం కుదిర్చింది నేనూ, ఆ పెయింటు డబ్బానూ.

ఆ గర్జన ఆయనకు సొంతం కాదు, నేర్పించింది మాస్టారు. స్టూడియోలో అందరూ ఆయన్ని శబ్దాల మాస్టారు అనేవారు. ఆయన ముసలివాడై మంచం పట్టాక బావ చూడటానికి వెళ్లి, ఏదో మాటల్లో అడిగాడట.

"మాస్టారూ, ఇంతకీ మీరు పులిని ఎక్కడ విన్నారు?"

"నేనెక్కడ విన్నానురా? సర్కస్‌లో చేసినాయన ఒకడు నేర్పాడు."

"ఆయన సర్కస్‌లో పులులుండేవా?"

మాస్టారు కాసేపు ఆలోచించి, "సింహం ఉండేది. ఒకటే. అదీ ముసలిది" అన్నాడట.

బావ ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్తే మేం కడుపు పట్టుకుని నవ్వాం. ఆయనా నవ్వాడు. "జీవితమంతా సింహం గొంతేసుకుని పులినని బతికానురా, ఒక్కడూ పట్టుకోలేదు" అన్నాడు. కానీ ఆ మాట ఆయన్ని వదల్లేదు. మర్నాడు ఆదివారం. జూకి వెళ్లి మూసేవరకూ పులి బోను ముందు నిలబడ్డాడు. అది నిద్రపోయింది, ఒకసారి లేచి ఆవలించింది, మళ్లీ నిద్రపోయింది. కంప్యూటర్లో పులి గొంతులు బోలెడున్నాయని ఆయన కూతురు, అంటే నా మేనకోడలు, వినిపించింది. శ్రద్ధగా విని, "ఇవన్నీ డబ్బాలో పులులమ్మా" అన్నాడు. "ఎంత దూరం నుంచి వస్తోంది, చెట్ల మధ్యలోంచి ఎలా వస్తోంది, అదేమీ ఇందులో లేదు. అడవిలో వినాలి." ఎప్పుడో ఒకప్పుడు వెళ్దామనుకున్నారు. ఇళ్లల్లో ఇలాంటివి ఎప్పుడో ఒకప్పుడనే అనుకుంటారు.

తర్వాత ఆయన గొంతు బొంగురుపోయింది. ఈ పనిలో గొంతు బొంగురుపోవడం దర్జీవాడి వేలికి సూది గుచ్చుకోవడం లాంటిది, ఎవరూ పట్టించుకోలేదు. పైగా రికార్డింగు చేసే ఇంజినీరు, "ఈమధ్య మీ పులి భలే పండిందండీ, ఆ గరగర ఉంది చూశారూ, అద్భుతం" అని మెచ్చుకున్నాడు. పని కూడా ఎక్కువ ఇచ్చాడు. మేమంతా సంతోషించాం. ఆ గరగర గొంతులో కండ పెరగడం వల్ల వస్తోందని, ఆ కండ మంచిది కాదని డాక్టరు చెప్పేసరికి కాలం మించిపోయింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు. మెడకు ముందు ఒక రంధ్రం పెడతారట, ఊపిరి అందులోంచే. మనిషి బతుకుతాడు, మాట ఉండదు.

"గర్జన?" అని అడిగాడు బావ.

డాక్టరు ఆయన హాస్యమాడుతున్నాడనుకుని భుజం తట్టాడు. పక్కన కూర్చున్న అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా వేళ్లు తిమ్మిరెక్కాయి.

ఆ రాత్రి ఏమనుకున్నాడో ఏమో, పొద్దున్నే బావ భోజనాల బల్ల దగ్గర అందర్నీ కూర్చోబెట్టాడు. గొంతు పోయేలోగా, అవసరమైతే ఆపరేషన్ వెనక్కి జరిపైనా, అడవికెళ్లి నిజమైన పులి గర్జన ఒక్కసారి చెవులారా వింటాడట. తిరిగొచ్చి స్టూడియోలో ఒకే ఒక్కసారి, సింహంగా కాకుండా పులిగా గర్జిస్తాడట. ఆ తర్వాత గొంతు ఎవరు కోసుకుపోయినా ఆయనకు చింత లేదట.

"మీ సరదా కోసం ఆపరేషన్ ఆపుకుంటారా?" అని అక్క మండిపడింది.

"సరదా కాదే. మనిషి తన పని ఒక్కసారైనా సరిగ్గా చెయ్యొద్దా?"

అక్క కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నా మేనకోడలు కంప్యూటర్ ముందేసుకుని వెతికింది. వానాకాలం కాబట్టి పులుల అడవి మూసేశారు. వానలు వెనకబట్టాకే గేటు తీస్తారు. ఆ తేదీ ఆపరేషన్ తేదీకి రెండు వారాల తర్వాత పడింది. నేనూ అక్కా బావా మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ససేమిరా అన్నాడు. బావ బతిమాలాడు. చివరికి, "సరే, అడవి తెరిచిన మూడో రోజుకల్లా ఆస్పత్రిలో ఉండాలి, అంతకు మించి ఒక్కరోజు కూడా కాదు. ఊపిరి ఆడనట్టనిపిస్తే ఆ నిమిషమే రావాలి" అన్నాడు. లేవబోతుంటే ఇంకో మాట కూడా అన్నాడు. "ఈలోగా హాయిగా మాట్లాడుకోండి. మాట్లాడితే జబ్బు పెరగదు, మాట్లాడకపోతే తగ్గదు." ముగ్గురం విన్నాం. ఎవరి చెవికీ ఎక్కలేదు.

అడవిలో జీపులు బుక్ చేసే ఆఫీసుకు బావే ఫోన్ చేశాడు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు. అవతలి మనిషి అలవాటుగా, "పులి కనిపిస్తుందని మేం మాటివ్వలేమండి" అన్నాడు.

"కనిపించక్కర్లేదండీ. వినిపిస్తే చాలు."

"ఏంటండీ?"

"గర్జన. వినిపిస్తే చాలండి. కావాలంటే కళ్లు మూసుకుని కూర్చుంటాను."

అవతలివాడు నవ్వి, మొదటిరోజు తెల్లవారుజామున వెళ్లే జీపులో నాలుగు సీట్లు ఖాయం చేశాడు. నిబంధనలు కూడా చదివాడు. రంగురంగుల బట్టలు వద్దు, అత్తర్లు వద్దు, గట్టిగా మాట్లాడొద్దు, జంతువుల అరుపులు అనుకరించొద్దు. ఆ చివరిది విని నేనూ మేనకోడలూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాం. "నన్ను ఉద్దేశించే రాసినట్టున్నారు" అన్నాడు బావ.

ఇల్లు చాలా రోజుల తర్వాత కళకళలాడింది. అక్క బీరువా తెరిస్తే అన్నీ ఎరుపూ పసుపూనే. మట్టిరంగు బట్ట ఒక్కటి లేదు. "నన్ను చూసి పులి పారిపోతే నాది పూచీ కాదు" అంది. నా పాత పనిబట్టలు, ఆ బూడిదరంగువి, పిండి ఉతికి ఇస్త్రీ చేసింది. మేనకోడలు దారి పటం గీసి గోడకు అంటించింది. ఇంజినీరు స్టూడియో గది ఖాళీగా ఉంచుతానని మాటిచ్చాడు. బావ అంతా లెక్కగా అమర్చాడు. అడవి నుంచి నేరుగా స్టూడియోకి, ఆ మర్నాడంతా ఇంట్లో, ఆ పై రోజు ఆస్పత్రికి. ఇంట్లో ఉండే ఆ రోజు మాదట. "ఆ రోజు మీ ఇష్టం. ఏం మాట్లాడమంటే అది మాట్లాడతాను. మీకు విసుగొచ్చి మీరే నోర్ముయ్యమంటారు చూడు" అన్నాడు. అక్క ఆ రోజు అడగాల్సినవి మనసులో పోగేసుకోవడం మొదలుపెట్టింది. వంట చేస్తూ తనలో తనే నవ్వుకునేది.

ఇక ఇక్కడ స్టూడియోవాళ్ల అలవాటొకటి చెప్పాలి. ఏదైనా పెద్ద రికార్డింగు ఉంటే దానికి ముందు కొన్నాళ్లు వాళ్లు నోరు విప్పరు. గొంతుకు సెలవివ్వడం అంటారు. మాస్టారు చేసేవాడు, బావా చేసేవాడు. పెళ్లయిన కొత్తలో ఆయన నాలుగు రోజులు పలక్కపోతే అలిగాడేమోనని మా అక్క ఏడ్చింది కూడా. ఈసారి చెయ్యబోయేది జీవితంలోకెల్లా పెద్ద రికార్డింగు. అందుకని సెలవు కూడా పెద్దదే ఇచ్చాడు. సీట్లు ఖాయమైన మర్నాటి నుంచి, అడవికి బయల్దేరేదాకా, ఒక్క మాట లేదు.

మాకెవరికీ అది తప్పుగా తోచలేదు. అదే నన్నిప్పటికీ కాల్చేస్తుంది. డాక్టరు చెప్పింది అక్షరం అక్షరం విన్నవాళ్లం, ఆయన పొద్దున లేచి పెదాల మీద వేలు పెట్టుకోగానే బుద్ధిగా తలలూపాం. అక్క అయితే కాపలా కాసింది. ఎవరైనా ఫోన్ చేసి బావనిమ్మంటే, "ఆయన గొంతుకు సెలవండీ" అని పెట్టేసేది. చప్పట్లతో సంసారం నడిచింది. ఒక చప్పట అంటే ఇలా రా, రెండంటే వద్దు, బల్ల మీద వేలితో తడితే కాఫీ.

మొదటి వారం సరదాగానే ఉంది. తర్వాత ఇల్లు బరువెక్కింది. నేను పని నుంచి వాళ్లింటికి వెళ్లేటప్పటికి ముగ్గురూ తలో మూలా కూర్చుని ఉండేవారు. ఒకరు మాట్లాడకపోతే మిగతావాళ్లకూ మాట రాదు. ఒకరోజు నాకు తిక్కరేగింది.

"ఏంటి బావా ఈ పిచ్చి? ఉన్న నాలుగు రోజులూ పెళ్లాంతో, పిల్లతో మాట్లాడుకోక, ఎక్కడో అడవిలో ఉన్న జంతువు కోసం నోరు కుట్టేసుకుంటావా? ఆ పులికి నువ్వెవరో తెలుసా?"

ఆయన నవ్వి రెండు చప్పట్లు కొట్టాడు. అక్క నా మీద విరుచుకుపడింది. "ఒరే, ఆయన్ని రెచ్చగొట్టకు. నోరు జారితే ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసినట్టవుతుంది." నేను చెప్పులేసుకుని బయటికి పోయాను.

మేనకోడలు మాత్రం ఇంకోలా ప్రయత్నించింది. తండ్రి ముందు కూర్చుని ఫోన్ తెరిచి, "నాన్నా, ఒక్కటి. నన్ను పిలు. ఎప్పుడూ పిలిచినట్టు. రికార్డు చేసుకుంటా" అంది. ఆయన ఆ పిల్ల బుగ్గ పట్టుకుని ఊపి, వేలితో గోడ మీది పటం చూపించి, అక్కడి నుంచి ఇంటికి గీత గీసినట్టు గాల్లో గీసి చూపించాడు. వెళ్లొచ్చాక అని. ఆ పిల్ల సరేనని ఫోన్ మూసేసింది. దానికి మాత్రం ఏం తెలుసు?

ప్రయాణం ఇంకా రెండు వారాలుందనగా, పొద్దున్నే, నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అక్క అప్పుడే సంచులు సర్దడం మొదలుపెట్టింది. బావ నా బూడిదరంగు చొక్కా తొడుక్కుని, బాగుందా అని చేతులు చాపి చూపిస్తున్నాడు. ఉన్నట్టుండి మంచం పట్టె పట్టుకుని వంగాడు. ఊపిరి లోపలికి పోతుంటే సన్నగా ఈల వేసినట్టు చప్పుడొచ్చింది. మొదట నేను ఏదో పక్షిని అనుకరిస్తున్నాడనుకున్నాను. పెదాలు నల్లబడ్డాక గానీ అర్థం కాలేదు.

ఆటోలో నాకూ అక్కకూ మధ్య కూర్చోబెట్టుకున్నాం. దారంతా ఆ ఈల. అప్పుడు ఆయన మాట్లాడదామనుకున్నాడు. అది నేను నా కళ్లతో చూశాను. అక్క వైపు తిరిగి నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు పెద్దవయ్యాయి. అక్క ఆయన నోటి దగ్గర చెవి పెట్టి, "ఏంటండీ? ఏంటి? మళ్లీ చెప్పండి" అని అడుగుతూనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. నేను దిగి ముందున్న బండ్లవాళ్లను తిట్టాను. నా గొంతు మాత్రం ఖంగుమంటూనే ఉంది.

ఆస్పత్రిలో ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు, మెడకు కోత పెట్టి గొట్టం వేశారు. బతికాడు. గొట్టం వేశాక మాట రాదని అప్పుడే చెప్పారు. రెండ్రోజులకే అసలు ఆపరేషన్ కూడా చేసేశారు. ఎలాగూ చెయ్యాల్సిందే కదా, ఇక ఎందుకు ఆపడం అన్నాడు డాక్టరు. ఆయన తప్పేం లేదు. "ఈలోగా బాగా మాట్లాడుకున్నారు కదా" అని నన్ను అడిగాడు.

బావ ఇంటికొచ్చాక ఒకరోజు అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరే తమ్ముడూ, ఆయన గొంతు ఎక్కడైనా ఉందేమో చూడరా" అంది. మేనకోడలు ఫోన్లన్నీ అప్పటికే వెతికేసింది. మా బావకో పాడు అలవాటు, ఫోన్ ఎదురుగా పెడితే చాలు మేకలా అరుస్తాడు. పుట్టినరోజుల్లో మేక, ప్రయాణాల్లో మేక, మా నాన్న షష్టిపూర్తిలో కుక్క. అన్నీ నవ్వులే. మనిషిలా మాట్లాడింది ఒక్కటి దొరకలేదు.

స్టూడియోకి వెళ్లి ఇంజినీరును అడిగాను. అతను చాలా ఓపిగ్గా పాతవన్నీ తీశాడు. ఏళ్ల తరబడి పని, ఎన్నో గంటల శబ్దం. వినిపించాడు. పులి, పులి, చంటిపిల్ల, కుక్క, నక్క, పులి. గర్జన మొదలయ్యే చోట మొదలై అయిపోయే చోట అయిపోతుంది. "గర్జించే ముందు 'సరేనా?' అనో, అయ్యాక 'ఇంకోసారి చెయ్యనా?' అనో అనేవాడు కదండీ, అవి?" అని అడిగాను. అతను తల వంచుకున్నాడు. "మాటలు ఉంచకూడదండీ. ముందూ వెనకా కత్తిరించడమే నా పని" అన్నాడు. ఉత్త చేతుల్తో వెళ్లలేక ఒక గర్జన నా ఫోన్లో వేయించుకుని తెచ్చాను. అక్క సగం విని ఆపేసింది. "ఈ సింహం నాకెందుకురా?" అంది.

అడవి తెరిచే ముందురోజు జీపు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆ సంగతి అందరం మర్చిపోయాం. బావ ఫోనే, బల్ల మీద మోగుతుంటే మేనకోడలు ఎత్తి స్పీకర్ పెట్టింది. అదే మనిషి, మహా ఉత్సాహంగా ఉన్నాడు.

"సారున్నారా అండీ? వినిపిస్తే చాలన్న సారు? ఆయనకు చెప్పండి, అదృష్టవంతుడని. గేటు దగ్గర్లోనే తిరుగుతోందండీ, వారం నుంచి రోజూ తెల్లవారుతూనే గర్జిస్తోంది. పడుకున్నవాళ్లం లేచి కూర్చుంటున్నాం. సారుకోసారి ఇవ్వండి, నేనే చెప్తాను."

బావ ఎదురుగానే కూర్చున్నాడు, మెడకు తెల్లటి గుడ్డ కట్టుకుని. ఫోన్ వైపే చూస్తున్నాడు. "హలో? సార్? వినపడుతోందాండీ?" అని అవతలివాడు అడుగుతున్నాడు. అక్క లేచొచ్చి, "మేం రావట్లేదండీ" అని పెట్టేసింది.

"వెళ్దాం బావా" అన్నాను నేను. "చెవులున్నాయిగా. విందువుగాని." ఆయన రెండు చప్పట్లు కొట్టాడు. విని ఏం చేసుకోను అన్నట్టు గొంతు దగ్గర చెయ్యి పెట్టి తీసేశాడు.

కాసేపటికి మేనకోడలు మెల్లగా అడిగింది. "అమ్మా, నాన్న ఆఖరున ఏమన్నాడు?"

"ఎప్పుడు?"

"సెలవు మొదలెట్టే ముందు. ముందురోజు రాత్రి."

అక్క చేతిలో మడతపెడుతున్న బట్ట వదిలేసి ఆలోచించింది. "ఫ్యాన్ కొంచెం తగ్గించమన్నారు. అదే ఆఖరు."

"కాదు. ఆ తర్వాత నా గదిలోకొచ్చాడు. చెప్పులు బయట వదిలేశావు, లోపల పెట్టుకో అన్నాడు."

"అది అంతకు ముందే. నువ్వు పడుకున్నాక ఫ్యాన్ తగ్గించమన్నారు."

"నేను పడుకోలేదమ్మా. నాతోనే అన్నాడు. నాకు బాగా గుర్తు."

"నీకేం గుర్తు? నాతోనే అన్నారు!"

అక్క గొంతు పెరిగింది. పిల్ల గొంతూ పెరిగింది. ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఇద్దరూ వదిలిపెట్టడం లేదు. ఆ మాట తనకు దక్కాలని ఎంతగా కొట్లాడుకున్నారో చూడలేక నేను గోడ వైపు తిరిగాను. చివరికి ఇద్దరూ ఒకేసారి బావ వైపు చూశారు. "మీరే చెప్పండి" అంది అక్క. "ఆఖరున ఎవరితో అన్నారు? ఏమన్నారు?"

ఆయన ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూశాడు. నుదురు ముడిపడింది. చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. తర్వాత రెండు అరచేతులూ మెల్లగా వెల్లకిలా తిప్పి చూపించాడు.